తిట్టుకు వేలెడు

పొద్దున లేవగానే గ్లోరీ మొదట చేసే పని గోడను కొలవడం. ముఖం కడుక్కోకముందే, పొయ్యి మీద చాయ్ పెట్టకముందే, టేపు తీసి వంటింటి గడప నుంచి నడిమి గోడ దాకా లాగుతుంది. తొమ్మిది అడుగులు తేలితే సంతోషంగా చాయ్ పెడుతుంది. ఏమాత్రం తగ్గినా తండ్రి మంచం దగ్గరికి పోయి నిలబడుతుంది.

"రాత్రి ఎవర్ని తిట్టినవు బాపు?"

"ఎవర్ని తిట్టలే. దోమను తిట్టిన," అంటాడు దశరథం, దుప్పటి తీయకుండానే.

"దోమనైనా ఇంట్ల తిట్టకు. బయటికి పోయి తిట్టు."

రామన్నపేటలో వాళ్లది రేకుల ఇల్లు. ఒకప్పుడు మొత్తం ఒకటే పొడుగాటి హాలు. తాత సమాధి రాయి మీద ఏ కొడుకు పేరు పైన ఉండాలన్న దగ్గర అన్నదమ్ములకు చెడింది. రాయి చెక్కించింది చిన్నవాడు దశరథం కాబట్టి తన పేరే పైన పెట్టించాడు. పెద్దవాడు ఇస్రాయేలు పోయి ఆ రాయిని బోర్లా తిప్పాడు. ఇప్పటికీ అది బోర్లానే ఉంది. ఆ తర్వాత హాలుకు అడ్డంగా గోడ లేచింది. మేస్త్రీని పిలవలేదు. అన్న అటు నుంచి, తమ్ముడు ఇటు నుంచి, ఇటుక ఇటుకకూ ఒకరినొకరు తిట్టుకుంటూ వాళ్లే కట్టుకున్నారు. అందుకే గోడకు తిట్ల రుచి పట్టింది. ఏ పక్క నుంచి తిట్టు వస్తే, తెల్లారేసరికి ఆ పక్కకు వేలెడు జరుగుతుంది. తిట్టినవాళ్ల గది తగ్గుతుంది, అవతలి వాళ్ల గది పెరుగుతుంది. ఒక రోజులో అదే తిట్టు రెండోసారి తిడితే లెక్కలోకి రాదు, కొత్తది కావాలి. ఇంటి కొలతలకు వచ్చిన పంచాయతీ గుమస్తా సంగతి విని తల ఊపి, ఆ ఒక్క కొలతను మాత్రం పెన్సిలుతో రాసుకుని పోయాడు.

దీనివల్ల రెండిండ్లలోనూ మర్యాద విపరీతంగా పెరిగింది. ఇంట్లో ఉన్నంతసేపు వార్తలు చదివేవాళ్ల భాష. తిట్టు పదం లేకుంటే గోడ కదలదు. మాటలో ఎంత విషం ఉన్నా దానికి పట్టదు.

"గ్లోరీ గారూ, మీ బిందె జర తీస్తారా అండి?" అంటుంది పెద్దమ్మ ఈదమ్మ, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క నల్లా దగ్గర. "మీ పెండ్లి ఎట్లాగూ అయ్యేది లేదు. మా బిందెలన్నా నిండనియ్యండి."

"తీస్తానండి పెద్దమ్మా. మీ నోటి తీరుగనే మీ బిందెకు కూడ అడుగు లేదాయె. ఎంత పోసినా నిండదని ఆగిన."

నిజంగా తిట్టుకోవాలనిపిస్తే రెండు కుటుంబాలూ చెప్పులేసుకుని రైలు గేటు దాకా పోయేవి. అక్కడ కడుపునిండా తిట్టుకుని, మళ్లీ వేర్వేరుగా నడిచి ఇంటికొచ్చి, గుమ్మంలో కాళ్లు కడుక్కుని "అండి" మొదలుపెట్టేవి.

గ్లోరీ లెక్కల్లో డిగ్రీ చేసింది. ముందు గదిలో చాపలు పరిచి చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతుంది. తల్లి పోయినప్పటి నుంచి ఇల్లు నడిపేదీ ఆమే. ఇప్పుడు పదో తరగతి బ్యాచ్ పెట్టాలని ఆమె పట్టుదల. తండ్రికి నమ్మకం లేదు. "బడులు తెరిచినంక నెల చూస్త. పదో తరగతోళ్లు మూడు వరుసలు నిండితే సరి. లేకుంటే చౌటుప్పల్ మందుల కంపెనీ బస్సెక్కు. మన గల్లీ శ్రీకాంత్ బిడ్డ ఎక్కుతలేదా?" అన్నాడు. శ్రీకాంత్ బిడ్డ షిఫ్టు దిగి వచ్చేటప్పుడు కండ్లు ఎట్లా ఉంటాయో గ్లోరీ చూసింది. మందుల వాసన ఆమె జడలోంచి ఆదివారం కూడా పోదు.

పదో తరగతికి నల్లబల్ల సరిపోదు, టీవీ మీద పాఠాలు చూపించాలి. గదిలో మూడు వరుసలు పట్టాలి. మూడు వరుసలకు తొమ్మిది అడుగులు చాలవు.

ముందైతే టీవీ కొందామని తండ్రిని వెంటబెట్టుకుని భువనగిరి పోయింది. ఖిల్లా గుట్ట నీడ పడే బజారులో టీవీల దుకాణం. అమ్మేవాడు ఇమ్రాన్, మాటలకు కరువులేనివాడు.

"మేడమ్, గిది చూడుండ్రి. ఓలెడ్. నలుపంటే నలుపే. చీకట్ల పిల్లి కూడ కనబడది."

"నాకు పిల్లి అక్కర్లే భయ్యా. తెల్ల పలక మీద లెక్కలు కావాలె. గంటలకొద్దీ ఒకటే బొమ్మ నిలబెడితే దీంట్ల అచ్చు పడుతదట కదా?"

"ఎవరన్నరు మేడమ్? అట్లేం కాదు."

"కాదని రాసిస్తవా?"

ఇమ్రాన్ నవ్వి పక్క టీవీ దగ్గరికి నడిచాడు. గ్లోరీ టీవీ ముందు నిలబడలేదు, పక్కకు పోయి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె గదిలో వరుస చివర కూర్చునే పిల్లలకు టీవీ అట్లాగే ఏటవాలుగా కనబడుతుంది. ఒక టీవీలో ఎర్ర చీర పక్క నుంచి చూస్తే ఇటుక పొడి రంగులోకి పోయింది. ఇంకోదాంట్లో ఎర్రగానే ఉంది. "ఇదేం ప్యానెల్?" అంది. "ఐపీఎస్ మేడమ్. నలుపు జర తక్కువ, పక్క చూపు మస్తు." "గిదే." తన ఫోనులోంచి చిన్న అక్షరాల లెక్కలు టీవీ మీదికి తెప్పించి, సంచిలోంచి టేపు తీసి, నాలుగు అడుగుల దూరంలో కూర్చుంది, దుకాణం నేల మీదే. ఫుల్ హెచ్‌డీలో సున్నా చుట్టూ మెట్లు కనబడ్డాయి. ఫోర్‌-కేలో సున్నా సున్నా లాగే ఉంది.

"యాభై అయిదు అంగుళాలది తీసుకో బిడ్డా," అన్నాడు దశరథం. "తొమ్మిది అడుగుల గది."

"ఇయ్యాల తొమ్మిది. నువ్వు కల్లు తాగొచ్చి దోమల్ని తిడితే ఎంతుంటదో నాకేం ఎరుక? మొదటి వరుసకు నాలుగు అడుగులే. యాభై అయిదైతే ఒక పక్క లెక్క, ఇంకో పక్క జవాబు, పిల్లలు మెడలు తిప్పుకుంట చావాలె. నలభై మూడు చాలు. గోడ ఎంత దగ్గరికొచ్చినా కండ్లకు పట్టేది కొనాలె."

అప్పుడే వెనక నుంచి నవ్వు వినబడింది. ఇస్రాయేలు, ఈదమ్మ, వాళ్ల కొడుకు నవీన్‌కుమార్ లోపలికి వచ్చారు. బయట ఊరు కాబట్టి ఎవరి నోటికీ తాళం లేదు.

"ఏందే టేపు మొఖందానా, నేల మీద కూసున్నవు? అడుక్కుంటున్నవా?" అన్నాడు నవీన్‌కుమార్. "ఇమ్రాన్ భాయ్, ఈమె ఎంతది తీసుకుంటున్నది?"

"నలభై మూడు సార్."

"మాకు అరవై అయిదియ్యి."

"దూరం ఎంతుంటది సార్?"

"దూరంతోని నీకేం పని? ఆమె టీవీకి మాది తాత కావాలె, అంతే."

దశరథం పిడికిలి బిగించాడు. "సమాధి రాయి తిప్పినోని కొడుక్కు టీవీ ఒకటే తక్కువైంది," అన్నాడు. "పేరు పిచ్చోడా, నువ్వు నోరు మూయ్," అన్నాడు ఇస్రాయేలు. బోరు బండి మీద ఏళ్లకేళ్లు పనిచేసి ఆయన చెవులు మందగించాయి. తను మాట్లాడేది తనకు వినబడాలని ఎప్పుడూ అరుస్తాడు. దుకాణమంతా వాళ్ల వైపు తిరిగింది.

గ్లోరీ మాత్రం మెల్లగా లేచి, టేపు చుట్టి, పెదనాన్న కొడుకు వైపు తిరిగింది.

"అన్నా, సౌండ్ బార్ గూడ తీసుకో. పెద్దనాయినకు టీవీల మాట సరిగ్గ ఇనబడది కదా."

ఈదమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "దీని నోట్లెకెల్లి తేనె కారుతున్నదంటే, ఏడనో ఈగ ముల్లు పట్టుకోని కూసున్నట్టే," అంది. కానీ ఇస్రాయేలుకు ఆ మాట వినబడలేదు, సౌండ్ బార్ మాత్రం వినబడింది. కొనిపించాడు.

ముల్లు ఉన్న మాట నిజమే. పోయిన ఏడు దశరథం ఫోనులో ఎవరో పంపిన తిట్ల వీడియో మోగించి పడుకున్నాడు. తెల్లారి గోడ వేలెడు ఇటు వచ్చి ఉంది. ఆ రాత్రి తమ ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదని గ్లోరీకి తెలుసు. గోడకు మనిషి నోరూ, డబ్బా నోరూ ఒకటే. ఈ సంగతి అటువాళ్లకు తెలియదు. తెలియకూడదనే ఆమె ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

రెండు టీవీలూ ఒకే గోడకు, ఇటొకటి అటొకటి, వీపుకు వీపు ఆనించి వేలాడాయి. సాయంత్రం కాగానే ఇస్రాయేలు వార్తల చర్చ పెట్టేవాడు. ఒకరిని ఒకరు దొంగ అన్నారు, ద్రోహి అన్నారు, సిగ్గులేనోడా అన్నారు, రోజూ కొత్త మాటలు వెతుక్కుని అన్నారు. చర్చ అయిపోగానే ఈదమ్మ సీరియల్ పెట్టేది. అందులో అత్త కోడల్ని తిట్టేది. సౌండ్ బార్ ఏ ఒక్క తిట్టునూ వదలకుండా గదంతా పంచేది.

గ్లోరీ పొద్దున్నే టేపు లాగేది. పది అయింది. పదకొండు దాటింది. బడులు తెరిచేసరికి పన్నెండు. మొదటి వరుసకు ముందు కాళ్లు చాపుకునేంత జాగా. పదో తరగతి పిల్లలు వచ్చారు, మూడు వరుసలు నిండాయి. తండ్రి కంపెనీ బస్సు మాట ఎత్తడం తగ్గించాడు. నెల నిండడమే మిగిలింది.

గోడకు అటు పక్క మర్యాద ముదిరింది.

"నవీన్‌కుమార్ గారూ, మీరేమన్నా నోరు జారుతున్నారా అండి?"

"నేను జారడం లేదు నాయినగారూ. మీరే నిద్రలో అంటున్నారేమో కనుక్కోండి."

వాళ్ల సోఫా వెనక గోడకు తగిలింది. తర్వాత వాకిట్లోకి పోయి వానకు తడిసింది. అరవై అయిదు అంగుళాల టీవీకి ఇప్పుడు వాళ్లు దగ్గర దగ్గర ముక్కు ఆనించి కూర్చుంటున్నారు. టీవీ ఫోర్‌-కేదే అయినా కేబుల్లో వచ్చే బొమ్మ ఫోర్‌-కేది కాదు. అంత దగ్గర నుంచి చూస్తే మొఖాలన్నీ నానబెట్టిన అటుకుల్లాగా కనబడుతున్నాయని ఈదమ్మ నల్లా దగ్గర ఎవరితోనో అంటుంటే గ్లోరీ విని, బిందె మీద తల వంచుకుని నవ్వుకుంది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఇస్రాయేలు బిడ్డ భాగ్యశ్రీ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. హాలియా దగ్గర అత్తగారిల్లు. గ్లోరీ, భాగ్యశ్రీ ఒక్క ఈడువాళ్లు, గోడ లేవక ముందు ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇప్పుడు ఎదురుపడితే "బాగున్నారా అండి" అంటే ఎక్కువ. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున పాస్టరు వచ్చి ప్రార్థన చేసి, దూలానికి ఉయ్యాల కట్టించి పోయాడు. ఆ ఇంట్లో దూలం ఒక్కటే, అది నడిమి గోడ పక్కనే ఉంది.

మర్నాడు గ్లోరీ క్లాసు చెబుతుంటే గోడలోంచి చప్పుడు వచ్చింది. టక్. కాసేపాగి మళ్లీ టక్. పిల్లలు తలలెత్తారు.

"ఏంది మేడమ్ అది?" అన్నాడు ముందు వరుసలో నరేష్.

"ఏం లేదు. లెక్క చూడు."

ఉయ్యాల ఊగి గోడకు తగులుతోంది. తగిలినప్పుడల్లా పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. పాప ఏడుపులో వార్తలు వినబడవని ఇస్రాయేలు సౌండు పెంచుతాడు. తెల్లారేసరికి గోడ ఇంకొంచెం అటు జరుగుతుంది. టక్ చప్పుడు రోజురోజుకూ దగ్గరదగ్గరగా పడింది. తర్వాత ఒక రోజు చప్పుడే లేదు. ఆ రోజు పాఠం మధ్యలో గ్లోరీ చాలాసార్లు ఆగి విన్నది. ఉయ్యాలకు ఇక ఊగే జాగా లేదు.

మరునాడు పొద్దున నల్లా దగ్గర భాగ్యశ్రీ ఒక్కతే ఉంది. పాప భుజం మీద నిద్రపోతోంది. భాగ్యశ్రీ నిలబడే తూలుతోంది.

"మీ గది మంచిగ పెరిగిందండి," అంది, గ్లోరీ ముఖం చూడకుండా.

"దేవుని దయ అండి."

"దేవుడు కొందరి పక్కనే ఉంటాడండి. ఎల్లుండి హాలియా పోతున్నానండి."

"ఇంకా నెల కూడ కాలేదు కదండి?"

"ఎత్తుకోనే పండవెట్టాలె, ఎత్తుకోనే కూసోవాలె. ఇక్కడైతే ఒరుగుదామన్నా జాగా లేదు. ఆడికి పోతే నాట్లకు రమ్మంటరు. పచ్చి బాలింతనని మా అత్తకు ఎవరు చెప్పాలె?" మధ్యలో "అండి" మరిచిపోయింది. గుర్తొచ్చి "అండి" అని చివర తగిలించి, బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

గ్లోరీ ఆ రోజంతా పాఠం సరిగ్గా చెప్పలేదు. సాయంత్రం క్లాసు మధ్యలో టేపు తీసి, పిల్లల మోకాళ్ల మధ్య నుంచి గోడ దాకా లాగింది. ఉయ్యాల ఊగాలంటే వాళ్లకు రెండడుగులు వెనక్కి ఇవ్వాలి. వేలెడు అంటే ముప్పావు అంగుళం. రెండడుగులకు ముప్పై రెండు తిట్లు, అన్నీ వేరువేరువి. పన్నెండున్నర అడుగులకు పెరిగిన తన గది పదిన్నరకు వస్తుంది. మొదటి వరుస టీవీకి మూడున్నర అడుగుల దగ్గరికి జరగాలి. యాభై అయిదు అంగుళాలదైతే ఆ దూరానికి ఆగేది కాదు. నలభై మూడు ఆగుతుందా? మూడున్నర అడుగుల దగ్గర చాప మీద కూర్చుని చూసింది. సున్నా సున్నా లాగే ఉంది. మోకాలికి మోకాలు తాకినా మూడు వరుసలు పడతాయి. పిల్లల తల్లిదండ్రులు ఇరుకని గొణిగితే మాత్రం బ్యాచ్ చెదురుతుంది, తను కంపెనీ బస్సెక్కుతుంది.

"ఇయ్యాలటికి చాలు. ఇండ్లకు పోండ్రి," అంది. పిల్లలు సంచులు సర్దుకుని పోయారు.

ఆమె గోడకు ఎదురుగా నిలబడి, చున్నీ నడుముకు బిగించింది.

"ఈదమ్మా! నీ నోట్ల మన్నువడ!" అంది.

దశరథం చేతిలోని చాయ్ ఒలికింది. "బిడ్డా, ఇంట్ల..."

"ఎరికే బాపు. ఉండు." వేలు మడిచింది. "నీ కడుపుల విషం గడ్డగట్ట! ఇస్రాయేలూ, చెవిటి దున్నపోతా! నవీన్‌కుమార్, పనిలేని పోరంబోకోడా!"

ఊళ్లో అందరూ వాడే తిట్లు పది దాటేసరికి అయిపోయాయి. నక్క, గుంటనక్క, పీనుగ అన్నీ అయిపోయాయి. అటు పక్క నుంచి ఒక్క మాట తిరిగి రాలేదు. తిరిగి తిడితే తమకే నష్టమని వాళ్లకు తెలుసు. ఇక తిట్లు సొంతంగా కట్టుకోవాల్సి వచ్చింది. కట్టడం మొదలుపెట్టాక ఆమె గొంతు మారింది.

"తండ్రి సమాధి బోర్లేసినోడా! మా అమ్మ దవాఖానల ఉంటే గేటు దాకా వచ్చి మర్లిపోయినదానా! సావు కాడ కూడ ముందు కుర్చీ ఎవరిదని చూసినదానా! చిన్నపోరిని ఒక్కదాన్నే వండుకుంటుంటే వాసన చూసి నవ్వినదానా! నా బిందెల ఇసుక పోసినోడా! బిడ్డను బాలింతగనే నాట్లకు తోలేటోడా!"

వేళ్లు మడుస్తూనే ఉంది. కండ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, లెక్క మాత్రం తప్పలేదు. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఇంకొక్కటి కావాలి. ఉన్నది ఒక్కటే, ఇన్నాళ్లూ దాచుకున్నది. అది అన్నాక ఆమె గది ఇంకెప్పుడూ పెరగదు.

"సౌండ్ బార్ పెట్టి," అంది నెమ్మదిగా, ఒక్కో మాట విడివిడిగా, "టీవీ తిట్లతోని సొంత గదిని గోడకు తినిపించుకున్న మొద్దుల్లారా."

అటు పక్క అప్పుడే మొదలైన చర్చ ఒక్క తిట్టూ పడకముందే ఆగిపోయింది. టీవీ ఆపేశారు. తర్వాత గోడలోంచి ఈదమ్మ గొంతు వచ్చింది.

"అయిపోయినయా అండి?"

"అయిపోయినయండి పెద్దమ్మా."

"చాయ్ తాగండి. గొంతు ఎండిపోయి ఉంటది."

అది దయో ఎగతాళో గ్లోరీకి తెలియలేదు. ఆమె చాయ్ తాగలేదు.

తెల్లారి టేపు లాగితే పదిన్నర ఉంది, వెంట్రుక తేడా లేదు. దశరథం గది మధ్యలో నిలబడి, "మాకు తిట్టేటందుకు ఒక్కటి మిగలకుండ తిట్టినవు గదనే," అన్నాడు. సాయంత్రం పిల్లలు వచ్చి, ఇరుకును చూసి, ఒకరినొకరు తోసుకుని, మూడు వరుసలుగా సర్దుకున్నారు. నరేష్ టీవీకి మూడున్నర అడుగుల దూరంలో కూర్చుని, "ఇప్పుడు సున్నా నా ఒళ్ల కూసున్నట్టున్నది మేడమ్," అన్నాడు. ఎవరూ లేచిపోలేదు. నెల నిండిన రోజు పొద్దున చౌటుప్పల్ బస్సు హారన్ కొట్టుకుంటూ గేటు దాటిపోయింది. దశరథం పళ్లపుల్ల నములుతూ దాన్ని చూశాడు, బిడ్డను చూశాడు, పుల్ల పారేసి నోరు కడుక్కోవడానికి పోయాడు.

గోడకు అటు పక్క ఇప్పుడు కిర్రు, కిర్రు అని తాడు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టీవీలో మనుషులు నోళ్లు కదిలించి తిట్టుకుంటున్నారు, సౌండు లేదు. ఇస్రాయేలు కళ్లజోడు పెట్టుకుని వాళ్ల పెదవులు చదువుతున్నాడని, తప్పు చదివి నవీన్‌కుమార్‌తో రైలు గేటు దగ్గర కొట్లాడుతున్నాడని ఊళ్లో చెప్పుకుంటున్నారు. భాగ్యశ్రీ హాలియా పోలేదు. నాట్లు అయిపోయాకే పోతుందట.

నల్లా దగ్గర ఈదమ్మ తీరులో మాత్రం మార్పు లేదు. "తీస్తారా అండి," అంటుంది. "తీస్తానండి," అంటుంది గ్లోరీ, తీయకుండా.

ఒక సాయంత్రం క్లాసు నడుస్తుండగా తాడు చప్పుడు ఆగింది. ఎవరో గోడకు దగ్గరగా వచ్చినట్టు గాజుల చప్పుడు. తర్వాత లోగొంతుకలో, పాప లేవకుండా, భాగ్యశ్రీ మాట ఒక్కటి.

"ఓసి గ్లోరీ. గాడిదా."

పిల్లలు నోళ్లు తెరిచారు. గ్లోరీ వాళ్లకు ముఖం కనబడకుండా టీవీ మీది లెక్క వైపు తిరిగింది.

తెల్లారి ముఖం కడుక్కోకముందే టేపు లాగింది. గోడ వేలెడు అటు జరిగి ఉంది.